బీడు భూములకు జొన్నల నిధి

ఒక ఎకరము బీడును సాగునకు తెచ్చుట ఎంత ఖర్చుతో కూడిన పనియో మన మెట్ట రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. రాళ్లు ఏరవలెను, పొదలు కొట్టవలెను, వాలునకు అడ్డముగా గట్లు వేయవలెను, పెంట తోలవలెను. ఇంత చేసినను మొదటి ఏడు పంట అంతంతమాత్రమే. ఇట్టి భూమిపై అప్పు ఇచ్చు సాహుకారు అరుదు. అందుచేత అది బీడుగానే యుండును. ఏటేటా వానలకు పైమన్ను కొట్టుకొనిపోవును.

నారాయణఖేడ్‌కు దక్షిణమున, జహీరాబాదు ప్రాంతపు గ్రామములలో ఈ చిక్కును విప్పినవారు పేద స్త్రీలు. వారిలో అధికులు దళిత కుటుంబములవారు. 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడిన పిమ్మట అచట ఊరూర మహిళా సంఘములు వెలసినవి. సభ్యురాండ్రు కొద్దికొద్దిగా పొదుపు చేసికొనిరి. భూపంపకములలో వారి కుటుంబములకు లభించినవి పెక్కు రాతినేలలు. పేరునకు పట్టా కలదు గాని గింజ లేదు.

1983లోనే రాష్ట్రములో కిలో రెండు రూపాయల బియ్యము కూడ వచ్చినది. దానివలన ఆకలి తగ్గినదనుట నిజము. అయితే జొన్నకు ఇంటిలోనే గిరాకి తగ్గెననియు, మెట్టచేలు మరికొన్ని బీడు పడెననియు ఈ సంఘములవారు చెప్పుదురు. వారి మాటలో సత్యము కలదని మా అభిప్రాయము.

1990 దశకము నడుమ వారు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయముతో ధాన్యనిధిని నెలకొల్పిరి. బీడు గల రైతునకు దుక్కికి, ఎరువునకు, విత్తనమునకు సొమ్మును వాయిదాలపై ఇచ్చిరి. దానిని రొక్కముగా తిరిగి తీసికొనలేదు. కొన్నేండ్లపాటు జొన్నల రూపమున జమ కట్టుకొనిరి. కిటుకంతయు ఈ షరతులోనే ఉన్నది. రొక్కము చెల్లింపవలసినచో రైతు కోతలవేళ, ధర పడిపోయినప్పుడు, గింజలు అమ్ముకొనవలసి వచ్చును. గింజలే చెల్లించినచో ఆ బాధ లేదు.

ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి వానకాలమున, అనగా పేదల ఇండ్లలో గింజలు నిండుకొను నెలలలో, తక్కువ ధరకు అమ్మిరి. పేదలెవరన్నది ఏ కార్యాలయమును నిర్ణయింపలేదు. గ్రామస్థులే నేలపై ముగ్గుతో ఊరి పటము గీసి, ఇంటింటిని గూర్చి చర్చించి తేల్చిరి. పదిమంది ఎదుట తేలిన లెక్కకు వంక పెట్టుట కష్టము గదా! అమ్మకపు సొమ్ము మరల నిధిలోనికే చేరెను.

తొలి దఫాలో సుమారు 30 గ్రామములలో 2,500 ఎకరములకు పైగా సాగులోనికి వచ్చినవి; సుమారు 8 లక్షల కిలోల జొన్న పండినది. ఎకరమునకు మూడు క్వింటాళ్లకు కొంచెము పైగా అనుకొనుడు. గొప్ప దిగుబడి కాదు. కాని బీడుగా ఉన్ననాడు ఆ నేల ఇచ్చినది సున్న. చొప్ప పశువులకు దక్కెను, పశువుల పెంట చేనికి దక్కెను. జొన్నతో కంది, అనుము కలిపి విత్తుట ఆ ప్రాంతపు వాడుక. పప్పుజాతి పైరు నేలకు నత్రజని నిచ్చును. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ బహుమతి ఈ సంఘములకు లభించినది.

నారాయణఖేడ్ గ్రామములలో ఇట్టి నిధిని తలపెట్టువారు చందా పుస్తకము తెరచుటకు ముందు రెండు సంగతులు తేల్చుకొనవలెనని మేము కోరుచున్నాము. చెల్లింపు జొన్నలకు ధర విత్తులకు ముందే కట్టవలెను. కోతలనాడు కట్టినచో తగవు తప్పదు. వానలు తప్పిన ఏట వాయిదా మరుసటి ఏటికి జరుగునని గ్రామసభ ఎదుట వ్రాసికొనవలెను. మూడవది కూడ కలదు: గింజకు పురుగు పట్టకుండ వేపాకు, బూడిద కలిపి నిలువచేయు బాధ్యత ఎవరిదో ఆనాడే పేరు పెట్టి చెప్పవలెను. జహీరాబాదు గ్రామములలో ఆ పనిని స్త్రీలే వహించిరి.