వీడియోటెక్స్: నలభై అరల వరుసలో తెలుగు

వీడియోటెక్స్ పేరు మన సాహిత్య విద్యార్థులకు కొత్త కావచ్చు. ఇంటర్నెట్ ఇళ్లకు రాకముందే టెలిఫోన్ తీగ మీదుగా అక్షరాలను ఇంటి తెరమీదికి తెచ్చిన ఏర్పాటు అది. యంత్రజ్ఞుల గొడవ మనకెందుకని వదిలేయడానికి వీల్లేదు. ఎవరు రాయాలి, ఎవరు చదవాలి, ఏ లిపిలో - ఇవన్నీ అక్కడ యంత్ర నిర్మాణంలోనే తీర్మానమైపోయాయి.

బ్రిటిష్ పోస్టాఫీసు పరిశోధనశాలలో శామ్ ఫెడీడా రూపొందించిన పద్ధతి 1979లో ప్రెస్టెల్ పేరుతో ప్రజల ముందుకొచ్చింది. పేజీ అంటే అడ్డంగా 40, నిలువుగా 24 అరలు; మొత్తం 960. కేంద్రం నుంచి ఇంటికి సెకనుకు 1200 బిట్లు, అంటే సుమారు 120 అక్షరాలు. నిండు పేజీ రావడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఇంటి నుంచి కేంద్రానికి పోయే దారి మాత్రం 75 బిట్లే, ఏడెనిమిది అక్షరాలు. ఈ పదహారింతల తేడా ఖర్చు తగ్గించడానికే చేశారు, నిజమే. కానీ ఆ పొదుపు వెనక ఒక ఊహ ఉంది: పాఠకుడు పేజీ నంబరు నొక్కితే చాలు, అతనికి చెప్పాల్సిందేమీ ఉండదని.

పాఠకులు ఆ ఊహకు లొంగలేదు. 1983లో మైక్రోనెట్ 800 వచ్చింది. బీబీసీ మైక్రో, స్పెక్ట్రమ్ వంటి ఇంటి కంప్యూటర్లకు మోడెమ్ తగిలించుకున్నవాళ్లు ఆ సన్నటి దారినే ఒకరికొకరు ఉత్తరాలు రాసుకోవడానికి వాడారు. ఫ్రాన్సులో టెలిఫోన్ డైరెక్టరీకి బదులుగా ఉచితంగా పంచిన మినిటెల్‌ను 1986 చివరలో విద్యార్థి ఉద్యమం వార్తలు చేరవేయడానికి వాడుకుంది. లిబరాసియోన్ పత్రిక సేవ అందుకు తోడ్పడింది. బ్రెజిల్‌లో ఎడ్వార్డో కాక్ 1985లో ఈ తెరకోసమే కవిత చేశాడు. అందులో 'ఎ' అనే అచ్చు మధ్యలో నిలబడితే హల్లులు దాని చుట్టూ తిరుగుతాయి. (మన లిపిలో అచ్చే హల్లును పట్టుకుని వేలాడుతుంది. ఆ కవిత తెలుగులో తలకిందులవుతుంది!)

ఇక మన సంగతి. 1984-85లో 'క్లాస్' పథకం కింద దేశంలో సుమారు 250 బడులకు వచ్చింది ఈ బీబీసీ మైక్రోయే. ఇంగ్లండులో ఇంటింటి వీడియోటెక్స్ తెరగా పనిచేసిన యంత్రమది. ఇక్కడ దానితోపాటు ప్రెస్టెల్ లాంటి సేవ రాలేదు, యంత్రం ఒక్కటే వచ్చింది. వచ్చినా మనకు ఒరిగేదెంత? ఆ కంప్యూటర్‌లో వీడియోటెక్స్ పేజీని గీసేది ఒక చిప్పు. దాని అక్షరాలు 96. ఫ్యాక్టరీలోనే చెక్కేసినవి, మార్చడానికి వీల్లేనివి. ఒక్కో అర వెడల్పు ఆరు చుక్కలు, ఎత్తు పది. అందులో 'స్త్రీ' రాయమంటే సకారం, తావత్తు, రావత్తు, గుడిదీర్ఘం కలిసి ముద్దయిపోతాయి.

వరంగల్ చిన్న ప్రెస్సుల్లో సీసపు అక్షరాల ప్రూఫులు దిద్దినవాణ్ణి కనుక ఈ ఇబ్బంది నాకు వింతగా తోచదు. కంపోజిటర్ ముందున్న గళ్లపెట్టెలో అక్షరాలు, గుణింతాలు, వత్తులు కలిసి వందల దిమ్మెలుండేవి. ఆ భారం అతని కళ్లమీద, వేళ్లమీద పడేది. కానీ ఫౌండ్రీ పోసిపెట్టిన దిమ్మె లేకపోతే కొత్తది పోయించుకునే వీలుండేది. చిప్పుతో ఆ బేరం లేదు.

ఇదే చిక్కు జపానుకూ వచ్చింది. వేల కంజీ అక్షరాలు 96 గళ్లలో పట్టవు. అందుకని 1984లో వ్యాపారానికి వచ్చిన 'కెప్టెన్' పద్ధతిలో అక్షరాన్ని కేంద్రంలోనే బొమ్మగా గీసి పంపారు. తమ భాషను కుదించుకోకుండా యంత్రం పద్ధతినే మార్చుకున్నారు, అందుకయ్యే ఖర్చు భరించారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్‌లో 1980లలో సాగిన కృషి మరో దారి పట్టింది. ఆకారానికి కాకుండా ధ్వనికి సంకేతం ఇచ్చారు. తెలుగు కకారానికీ నాగరి కకారానికీ ఒకే సంఖ్య. 1991లో భారతీయ ప్రమాణంగా స్థిరపడ్డ ఇస్కీ ఇదే. అదే ఏడు యూనికోడ్‌లోకి తెలుగు చేరింది, వేరే వరుసలో అయినా ఆ అమరికతోనే. ఇవాళ ఫోనులో 'స్త్రీ' అంటే ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాటిని కూర్చి వత్తును కిందికి దించే పని ఇప్పుడు ఫాంటుది.