టీబీకి మందు బిళ్లలతో పాటు బియ్యం, పప్పు కూడా.. జార్ఖండ్ 'రేషన్స్' పరిశోధన తేల్చిందేంటి?

ఇంట్లో ఒకరికి టీబీ వస్తే డాక్టర్ మందులు రాసిస్తారు. రోగి ఆరు నెలలు మింగుతాడు, తగ్గుతుంది. మరి అదే ఇంట్లో, అదే గదిలో పడుకునే భార్యాపిల్లల సంగతేంటి? ఆ రోగి దగ్గినప్పుడు గాల్లోకి వచ్చిన క్రిమి వాళ్ల ఊపిరితిత్తుల్లోకి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. వాళ్లలో ఎవరికి రేపు జబ్బు బయటపడుతుంది, ఎవరికి పడదు? దీన్ని నిర్ణయించే వాటిలో ఒకటి వాళ్ల కంచంలో ఉందని జార్ఖండ్‌లో జరిగిన ఓ పెద్ద పరిశోధన లెక్కలతో సహా చూపించింది. దాని పేరు 'రేషన్స్' ట్రయల్. ఫలితాలు 2023 ఆగస్టులో లాన్సెట్, లాన్సెట్ గ్లోబల్ హెల్త్ జర్నళ్లలో వచ్చాయి.

ప్రపంచంలోని టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి. అందుకే ఈ ఫలితాలు మనకు ముఖ్యం.

అసలు క్రిమికీ తిండికీ లింకేంటి?

టీబీ క్రిమి ఒంట్లోకి వెళ్లిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. క్రిమి సోకిన వాళ్లలో జీవితకాలంలో 5 నుంచి 10 శాతం మందికే జబ్బు బయటపడుతుంది. మిగతా వాళ్లలో రోగనిరోధక కణాలు క్రిమి చుట్టూ గోడ కట్టినట్టు కట్టి, దాన్ని నిద్రపుచ్చుతాయి. ఆ గోడకు కాపలా కావాలి. ఒంట్లో మాంసకృత్తులు, కొవ్వు అడుగంటితే కాపలా సడలుతుంది, నిద్రపోతున్న క్రిమి లేస్తుంది. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ ఒక్క పాయింటు పెరిగితే టీబీ వచ్చే అవకాశం సుమారు 14 శాతం తగ్గుతుందని వివిధ దేశాల అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఇదివరకే తేలింది.

"క్షయ వస్తే బాగా తినాలి" అని మన పెద్దవాళ్లు ఎప్పటి నుంచో అంటున్న మాటే కదా, ఇందులో కొత్తేముంది అనిపించొచ్చు. నిజమే. మందులు లేని రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలాంటి చోట్ల చికిత్స అంటేనే మంచి గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మరి ఆ మాట వైద్య పుస్తకాల్లో ఎందుకు వెనక్కి పోయింది? దానికి కారణం కూడా మన పక్కనే జరిగిన ఓ పరిశోధనే!

మద్రాసులో 1956లో ఏం జరిగిందంటే..

అప్పటికి టీబీకి మందులు వచ్చేశాయి కానీ దేశంలో రోగుల సంఖ్యకు తగ్గ శానటోరియం మంచాలు లేవు. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి 1956లో మద్రాసులో ఒక కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టర్ దాన్ని నడిపించారు. నగరంలోని పేద రోగులు రెండు వందల మందికి కాస్త తక్కువ. వాళ్లను లాటరీ పద్ధతిలో రెండుగా చేశారు. సగం మంది శానటోరియంలో, సగం మంది ఇంట్లోనే. మందులు మాత్రం అందరికీ అవే.

శానటోరియం వాళ్లకు మంచి తిండి, విశ్రాంతి. ఇంట్లో వాళ్లకు ఇరుకు గది, అరకొర తిండి, చాలామందికి పని కూడా తప్పలేదు. అయినా ఏడాది తర్వాత చూస్తే రెండు వైపులా జబ్బు తగ్గిన తీరు దాదాపు ఒకేలా ఉంది. ఇంట్లో ఉంచి చికిత్స చేసినంత మాత్రాన కుటుంబ సభ్యులకు ముప్పు పెరగలేదని కూడా తేలింది. 1959లో వచ్చిన ఈ ఫలితం ప్రపంచంలో టీబీ చికిత్స పద్ధతినే మార్చేసింది. శానటోరియాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ఇవాళ మనం ఇంట్లో కూర్చుని టీబీ మందులు వేసుకోగలుగుతున్నామంటే అది మద్రాసు పుణ్యమే.

కానీ దాని నుంచి తీసిన ఒక అర్థం మాత్రం ఎక్కువైపోయింది. "మందులుంటే చాలు, తిండి గురించి పట్టించుకోనక్కర్లేదు" అన్నట్టుగా తర్వాతి దశాబ్దాలు నడిచాయి. మద్రాసు అధ్యయనం అడిగిన ప్రశ్న వేరు: మందులు సరిగ్గా వేసుకుంటున్న రోగికి శానటోరియం అవసరమా? 'ఆకలితో ఉన్న ఇంట్లో రెండో మనిషికి జబ్బు రాకుండా తిండి ఆపగలదా' అని అది అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చేసినట్టు అందరూ అనుకున్నారు, అంతే.

జార్ఖండ్‌లో ఎలా చేశారు?

మంగళూరులోని యెనెపోయ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ ఈ ప్రశ్నను మళ్లీ ఎత్తారు. వాళ్లతో కలిసి పనిచేసింది చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. 1956లో మొదలైన ఆ మద్రాసు కేంద్రమే పేరు మారి ఇవాళ ఈ సంస్థ అయింది!

జార్ఖండ్‌లోని 4 జిల్లాల్లో 28 టీబీ యూనిట్లను తీసుకున్నారు. ఇక్కడ లాటరీ మనుషులకు వేయలేదు, యూనిట్లకు వేశారు. ఎందుకంటే ఒకే వీధిలో ఈ ఇంటికి బియ్యం ఇచ్చి పక్కింటికి ఇవ్వకపోతే గొడవ అవుతుంది, పైగా పంచుకుంటారు, అప్పుడు లెక్కే తప్పుతుంది. దీన్ని క్లస్టర్ ట్రయల్ అంటారు. సగం యూనిట్లు ఒక పక్క, సగం ఇంకో పక్క.

ఊపిరితిత్తుల టీబీ అని పరీక్షలో రూఢి అయిన 2,800 మంది రోగులు, వాళ్ల ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులు ఇందులో చేరారు. దాదాపు మూడింట రెండొంతుల మంది సంథాల్, హో, ముండా, ఒరాన్, భూమిజ్ లాంటి ఆదివాసీ తెగల వాళ్లు. చేరిన కుటుంబ సభ్యుల్లో మూడో వంతు మందికి పోషకాహార లోపం ఉంది.

రోగులందరికీ, రెండు వైపులా, నెలకు 10 కిలోల సరుకులు ఇచ్చారు. బియ్యం, శనగ సత్తు, పాలపొడి, నూనె, దాంతో పాటు విటమిన్ బిళ్లలు. రోజుకు 1,200 కేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు వచ్చేలా లెక్క. మామూలు టీబీకి 6 నెలలు, మందులకు లొంగని మొండి టీబీకి 12 నెలలు. రోగిని ఆకలితో వదిలేసి పరిశోధన చేయడం న్యాయం కాదు కాబట్టి రోగుల్లో "ఇవ్వని గుంపు" పెట్టలేదు.

తేడా కుటుంబ సభ్యుల దగ్గరే. ఒక వైపు యూనిట్లలో పెద్దవాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ బిళ్లలు. పిల్లలకు అందులో సగం. అంటే రోజుకు 750 కేలరీలు, 23 గ్రాముల మాంసకృత్తులు అదనం. రెండో వైపు కుటుంబాలు ఎప్పుడూ తినేదే తిన్నాయి. 2019 ఆగస్టులో మొదలుపెట్టి 2022 జూలై దాకా, ఇంటింటికీ తిరిగి ఎవరికి టీబీ బయటపడుతోందో చూశారు. మధ్యలో కరోనా వచ్చి పడింది, లాక్‌డౌన్ వచ్చింది. అయినా పని ఆగలేదు.

లెక్క ఏం చెప్పింది?

మామూలుగా తిన్న 4,724 మందిలో 122 మందికి టీబీ వచ్చింది. అదనపు రేషన్ అందుకున్న 5,621 మందిలో 96 మందికి వచ్చింది. వెయ్యి మందికి చూస్తే ఒక వైపు 26 మంది, ఇంకో వైపు 17 మంది. రెండు వైపుల కుటుంబాల మధ్య ఉన్న తేడాలను కూడా సర్దుబాటు చేసి చూస్తే టీబీ 39 శాతం తగ్గింది. ఇంకొకరికి అంటించే ముప్పు ఎక్కువగా ఉండేది ఊపిరితిత్తుల టీబీతో. పరీక్షలో రూఢి అయిన ఆ టీబీ అయితే 48 శాతం, అంటే దాదాపు సగం తగ్గింది.

ఇది టీకా కాదు, కొత్త యాంటీబయాటిక్ కాదు. కందిపప్పు, బియ్యం!

ఒక కొత్త కేసును ఆపాలంటే ఎంత మందికి ఇవ్వాలి? పరిశోధకుల అంచనా ప్రకారం 30 ఇళ్లకు, అంటే సుమారు 111 మందికి. కుటుంబ సభ్యుడి రేషన్ ఖర్చు 2019 ధరల్లో నెలకు మనిషికి సుమారు 325 రూపాయలు. ఆరు నెలలకు 111 మందికి గుణిస్తే రెండు లక్షల పైచిలుకు. ఒక్క కేసుకి ఇంత ఖర్చా అనిపించొచ్చు. కానీ ఆ డబ్బు ఒక్క టీబీని మాత్రమే ఆపి ఊరుకోదు. పిల్లలు తింటారు, బాలింతలు తింటారు, ఆ 111 మందీ కొన్ని నెలలు కడుపు నిండా తింటారు. వాటిని ఏ ఖాతాలో రాస్తారు?

రోగుల సంగతి ఇంకా కలవరపెట్టేది. చికిత్సకు వచ్చినప్పుడు మగవాళ్ల సగటు బరువు 42.6 కిలోలు, ఆడవాళ్లది 36.1 కిలోలు. మళ్లీ చదవండి, ఇవి పిల్లల బరువులు కావు. ఐదడుగుల నాలుగంగుళాల మగమనిషి 42.6 కిలోలుంటే బీఎంఐ 16 దగ్గర ఉంటుంది. ఉండాల్సిన కనీసం 18.5. ప్రతి పది మంది రోగుల్లో ఎనిమిది మంది తక్కువ బరువుతోనే వచ్చారు. వీళ్లలో మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన వాళ్లకు, అంటే 40 కిలోల మనిషి 2 కిలోలు పెరిగితే, మరణం ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది.

ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. ఈ రెండో లెక్క లాటరీ వేసి తేల్చింది కాదు, రోగులందరికీ రేషన్ ఇచ్చారు కదా. జబ్బు అంత తీవ్రంగా లేని వాళ్లే త్వరగా బరువు పెరిగి ఉండొచ్చు. కాబట్టి 39, 48 శాతాల మీద ఉంచినంత నమ్మకం 61 మీద ఉంచలేం. అలాగని దీన్ని పక్కన పెట్టేయడానికీ లేదు. చికిత్స మొదలైన రెండు నెలలకు బరువు పెరగని రోగి కనిపిస్తే ఆసుపత్రి వాళ్లు ఓసారి ఆగి చూడాలి. దానికి కావాల్సింది తూకం మిషన్ ఒక్కటే.

అనుమానాలు లేవా?

ఉన్నాయి. ఎవరికి రేషన్ అందుతోందో అందరికీ తెలుసు, బియ్యం బస్తాను దాచలేం కదా. ఇంకోటి, రేషన్ ఇవ్వని వైపు కూడా రోగికి 10 కిలోల సరుకులు వెళ్లాయి. మన ఇళ్లలో రోగి ఒక్కడే కూర్చుని సత్తు తాగి, పిల్లలు చూస్తూ కూర్చుంటారా? కొంతైనా పంచుకుని ఉంటారు. పైగా 2020 ఏప్రిల్ నుంచి కేంద్రం రేషన్ కార్డు ఉన్న వాళ్లకు మనిషికి అదనంగా 5 కిలోల ఉచిత ధాన్యం ఇచ్చింది. ఈ రెండూ రెండు గుంపుల మధ్య తేడాను తగ్గించేవే తప్ప పెంచేవి కావు. అయినా ఇంత తేడా వచ్చిందంటే అసలు ప్రభావం ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చని అనుకోవడంలో తప్పు లేదు.

జార్ఖండ్ ఆదివాసీ పల్లెల్లో పనిచేసింది బీఎంఐ 25 ఉన్న నగరవాసికి పనిచేస్తుందా అంటే, ఈ అధ్యయనం ఆ జవాబు చెప్పదు. మన దగ్గర షుగర్ ఉన్న టీబీ రోగులూ చాలామందే ఉన్నారు. వాళ్లకు అన్నం పెంచమని చెప్పడం కుదరదు, డాక్టర్‌ను అడిగే మార్చాలి. ఇక టానిక్కులు, డబ్బా పౌడర్ల కోసం అప్పు చేసే కుటుంబాలకు ఓ మాట: ఈ పరిశోధనలో ఏ ఖరీదైన పౌడరూ వాడలేదు.

మరి ప్రభుత్వం ఏం ఇస్తోంది?

నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 ఏప్రిల్ నుంచి ప్రతి టీబీ రోగి బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు వేసేవాళ్లు. 2024 నవంబర్ 1 నుంచి దాన్ని 1,000 రూపాయలు చేశారు. ఇది రోగికి. కుటుంబ సభ్యులకు? 2022 సెప్టెంబర్‌లో మొదలైన టీబీ ముక్త్ భారత్ అభియాన్‌లో 'నిక్షయ్ మిత్ర'లు, అంటే దాతలు, రోగులకు పోషకాహార కిట్లు ఇస్తున్నారు. 2024లో ఈ కిట్లను రోగి కుటుంబానికి కూడా వర్తింపజేశారు. మంచిదే. కానీ దాత దొరికితేనే కిట్. జార్ఖండ్‌లో టీబీని 39 శాతం తగ్గించిన రేషన్ నెలనెలా, తప్పకుండా, ఇంటికి చేరింది. దాత దయ మీద నడిచే కిట్‌కూ దానికీ చాలా దూరం ఉంది. రేషన్ షాపుల వ్యవస్థ ఊరూరా ఉన్న మన రాష్ట్రాల్లో టీబీ ఇంటికి కార్డు మీద కందిపప్పు అదనంగా ఇవ్వడం చేయలేని పనేం కాదు.

మీ ఇంట్లో ఎవరికైనా టీబీ తేలితే నిక్షయ్ పోర్టల్‌లో పేరు, బ్యాంకు ఖాతా నమోదయ్యాయో లేదో చూసుకోండి. చికిత్స మొదలైన రోజు బరువు రాయించుకుని ప్రతి నెలా చూపించండి. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించమని, జబ్బు రాకుండా ముందుగా ఇచ్చే మందు ఎవరికి అవసరమో చెప్పమని అడగండి. తిండి ఆ మందుకు బదులు కాదు, రెండూ కావాలి. పోషణ కిట్ కోసం ఆశ కార్యకర్తను గానీ, పీహెచ్‌సీలో టీబీ సిబ్బందిని గానీ అడగొచ్చు. నిక్షయ్ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-6666.