పార్టింగ్ టూల్ ఎందుకు విరుగుతుంది?

రెజ్యూమెలో ‘లేత్ ఆపరేషన్స్ తెలుసు’ అని ఒక్క లైను రాస్తే చాలు, ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. కటింగ్ స్పీడ్ ఫార్ములా గడగడా చెప్పేసేవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. కాలేజీ ల్యాబ్‌లో ఫేసింగ్, స్టెప్ టర్నింగ్, టేపర్ వరకు మనమే చేస్తాం. తయారైన జాబ్‌ను రాడ్ నుంచి కోసి వేరుచేసే పార్టింగ్ దగ్గరికొచ్చేసరికి చాలాచోట్ల ‘నువ్వు జరుగు బాబూ’ అంటూ ఇన్‌స్ట్రక్టరే హ్యాండిల్ అందుకుంటారు. టూల్ విరిగితే ఖర్చు, జాబ్ ఎగిరితే ప్రమాదం కదా మరి!

గోదావరి జిల్లాల్లో మాత్రం ఇది రోజువారీ పని. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ షాఫ్టులు, రైస్ మిల్లుల బుష్‌లు, కాకినాడ తీరంలో బోట్ల ప్రొపెల్లర్ షాఫ్టులు, పంపుసెట్ల విడిభాగాలు... ఏది అరిగినా చేరేది దగ్గర్లోని లేత్ వర్క్స్‌కే. ఇక్కడికి ఈ విద్య కొత్తేమీ కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పనుల కాలంలోనే అక్కడ వర్క్‌షాపు నడిచింది.

అసలు తేడా ఎక్కడ?

టర్నింగ్‌లో టూల్‌కి ఒకవైపు ఖాళీ ఉంటుంది. చిప్ తేలిగ్గా బయటికి పోతుంది. పార్టింగ్‌లో అలా కాదు. సుమారు 3 మి.మీ. వెడల్పున్న సన్నటి బ్లేడు తాను తవ్విన గాడిలోకే దిగుతుంది. రెండువైపులా గోడలే. చిప్ బయటికి రావాలన్నా, కూలెంట్ లోపలికి పోవాలన్నా ఆ ఇరుకు సందే దారి. చిప్ అందులో ఇరుక్కుంటే టూల్ పట్టేస్తుంది, మరుక్షణం టప్పున విరుగుతుంది. అందుకే లోతైన కోతలో టూల్‌ని మధ్యమధ్యలో వెనక్కి తీసి, కొంచెం పక్కకు జరిపి గాడిని వెడల్పు చేస్తారు.

తప్పులు ఇవే

టూల్ ఎక్కువ బయటికి పెట్టడం: స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్‌లో చదివిన కాంటిలీవర్ బీమ్ గుర్తుందా? పార్టింగ్ టూల్ అచ్చంగా అదే. అదే బలానికి, బయటికున్న పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లు అవుతుంది. 20 మి.మీ. చాలిన చోట 40 మి.మీ. పెడితే జరిగేది ఇదే. కోతకు ఎంత అవసరమో అంతే బయటికి ఉంచాలి.

సెంటర్ ఎత్తు సరిచూడకపోవడం: టూల్ అంచు సెంటర్ కంటే పైనుంటే కోయకుండా రాసుకుంటుంది. కిందుంటే చివర్లో మధ్యలో బొడిపె మిగులుతుంది. జాబ్ టూల్ మీదికి ఎక్కే ప్రమాదమూ ఉంది.

టూల్ వంకరగా బిగించడం: జాబ్ అక్షానికి కచ్చితంగా 90 డిగ్రీల్లో లేకపోతే బ్లేడు పక్కభాగం గోడకు రాసుకుంటుంది. కోసిన ముఖం చదునుగా రాదు.

స్పీడ్ తగ్గించకపోవడం: హెచ్‌ఎస్‌ఎస్ టూల్‌తో మైల్డ్ స్టీల్‌ను నిమిషానికి 30 మీటర్ల వేగంతో టర్నింగ్ చేస్తున్నారనుకుందాం. పార్టింగ్‌కు అందులో సగం, అంటే 15 మీటర్లు తీసుకుంటే 50 మి.మీ. రాడ్‌కు సుమారు 95 ఆర్‌పీఎం వస్తుంది.

భయపడి ఫీడ్ ఆపడం: చాటరింగ్ మొదలై మిషన్ కూత పెట్టగానే చెయ్యి ఆగిపోతుంది. అప్పుడు టూల్ కోయడం మానేసి రుద్దుతుంది, కూత ఇంకా పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే రుద్దిన చోట గట్టిపడిపోతుంది కూడా. ఫీడ్ సన్నగా, ఒకే తీరులో సాగాలి. కూత ఆగకపోతే టూల్ వెనక్కి తీసి, మిషన్ ఆపి, కారణం వెతకాలి. క్యారేజ్ లాక్ చేశారా? క్రాస్ స్లైడ్ వదులుగా ఉందా?

టెయిల్‌స్టాక్ సెంటర్ పెట్టి పూర్తిగా కోయడం: చివరికొచ్చేసరికి సన్నబడిన జాబ్ వంగి టూల్‌ని నొక్కేస్తుంది. అందుకే కోత వీలైనంత వరకు చక్‌కు దగ్గర్లోనే ఉండాలి. పొడవాటి జాబ్ అయితే కొంత లోతు వరకే కోసి, మిషన్ ఆపేసి, మిగతాది హ్యాక్‌సాతో తెంపడం మేలు.

సీఎన్‌సీలో మరో చిక్కు

సీఎన్‌సీకి వెళ్తే ఇవన్నీ అక్కర్లేదనుకోవద్దు. జి96తో కటింగ్ స్పీడ్‌ను స్థిరంగా ఉంచితే, వ్యాసం తగ్గేకొద్దీ మిషన్ ఆర్‌పీఎం పెంచుకుంటూ పోతుంది. నిమిషానికి 60 మీటర్ల వద్ద 50 మి.మీ. వ్యాసానికి 382 ఆర్‌పీఎం చాలు. అదే 5 మి.మీ.కి వచ్చేసరికి 3,820! కేంద్రానికి చేరేకొద్దీ స్పిండిల్ తన గరిష్ఠ వేగానికి పరుగెడుతుంది. ఫానుక్ తరహా కంట్రోళ్లలో జి50తో గరిష్ఠ పరిమితి పెట్టడం, చివర్లో జి97కు మారడం ఇందుకే. ఈ ఒక్క ముక్క వివరంగా చెప్పగలిగితే చాలు, మీకు కోడ్‌లతో పాటు మిషన్ కూడా తెలుసని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

చేతులు జాగ్రత్త

తెగిపడే ముక్కను చేత్తో పట్టుకోవద్దు. అది వేడిగా ఉంటుంది, అంచు కత్తిలా ఉంటుంది, పక్కనే చక్ తిరుగుతుంటుంది. చిప్స్‌ను మిషన్ ఆపాకే, హుక్‌తో లేదా బ్రష్‌తో తీయాలి. గ్లౌజులు, పొడవు చేతుల చొక్కాలు, చున్నీ, మెడలో వేలాడే ఐడీ కార్డు ట్యాగ్... ఇవేవీ తిరుగుతున్న చక్ దరిదాపుల్లో ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. చక్ కీని చక్‌లోనే వదిలి స్విచ్ వేయకండి.

నేర్చుకునేదెలా?

ల్యాబ్‌లో ‘సార్, ఈసారి మీరు పక్కనుండండి, పార్టింగ్ నేను చేస్తా’ అని అడగండి. ముందు ఇత్తడి, తర్వాత మైల్డ్ స్టీల్ సన్న రాడ్‌లతో మొదలుపెట్టండి. ఐటీఐలో టర్నర్ రెండేళ్ల ట్రేడ్. డిప్లొమా, ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లకు జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద స్టైపెండ్‌తో ఏడాది శిక్షణ పొందే వీలుంది. మెకానికల్ వాళ్లు ఆ ఏడాదిని షాప్‌ఫ్లోర్ మీద గడిపేలా చూసుకోండి.

విరిగిన టూల్ దొరికితే పారేయకుండా ఒకసారి పరిశీలించండి. అంచు మొద్దుబారిందా, పక్కభాగం రాసుకుందా, మొదట్లోనే తెగిందా? ఏ తప్పు జరిగిందో అదే చెబుతుంది. ‘ఎందుకు విరుగుతుంది?’ అని అడిగితే ఒక్క కారణం చెప్పి ఆగకండి. ఓవర్‌హ్యాంగ్, ఎత్తు, స్పీడ్, ఫీడ్, చిప్... ఏది ముందు చూస్తారో, ఎందుకో వరసగా చెప్పండి. ఆ వరసే మీ అనుభవాన్ని పట్టిస్తుంది.