గదికి వేడా, ఒంటికి వేడా?

చలికాలం మొదలయ్యేసరికి ఖమ్మం ఎలక్ట్రికల్ దుకాణాల ముందు రూమ్ హీటర్ల డబ్బాలు వరస కడతాయి. వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దొరికే రాడ్ హీటరు, బుస్సుమని వేడిగాలి ఊదే బ్లోయరు, పదివేల దగ్గర ధర పలికే ఆయిల్ హీటరు పక్కపక్కనే ఉంటాయి. నేలకొండపల్లి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషైనా, ఖమ్మం పట్నవాసి అయినా దుకాణదారును అడిగే మొదటి మాట ఒక్కటే: ‘తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి దేంట్లో వస్తుంది?’ దుకాణదారు ఖరీదైనదాన్నే చూపిస్తాడు. నిజానికి ఈ ప్రశ్నకు జవాబు 1841లోనే తేలిపోయింది. ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్‌లో బీరు కాచే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్, తీగలో పారే కరెంటు ఎంత వేడి పుట్టిస్తుందో కొలిచి సూత్రం కట్టాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. తీగ నిరోధం పెరిగితే ఆ మేరకు వేడీ పెరుగుతుంది. ఒక యూనిట్ కరెంటు ఖర్చయితే వచ్చేది 860 కిలో కేలరీల వేడి, అంటే పది లీటర్ల నీటిని 86 డిగ్రీలు పెంచేంత. అది వెయ్యి రూపాయల రాడ్‌లో ఖర్చయినా, పదివేల ఆయిల్ హీటర్‌లో ఖర్చయినా అంతే. డబ్బా మీద ‘విద్యుత్ ఆదా’ అని ఎంత పెద్ద అక్షరాలతో అచ్చేసినా తీగ ఇంతకు మించి ఒక్క కేలరీ ఇవ్వదు.

సూత్రం దొరికాక కూడా ఇంటికి పనికొచ్చే హీటరు రావడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. అడ్డుపడింది తీగే. ఇనుప తీగను ఎర్రగా కాలిస్తే గాలిలోని ఆక్సిజన్ దాన్ని తినేస్తుంది. ప్లాటినం తట్టుకుంటుంది గానీ దాని ధర సామాన్యుడికి అందదు. 1890లలో ఇంగ్లండులో డౌసింగ్ అనే ఇంజనీరు చిక్కును చుట్టుదారిన దాటాడు. గాలి తీసేసిన పెద్ద పెద్ద గాజు బల్బులను వరసగా నిలబెట్టి, వాటి వేడితో గది కాచాడు. అసలు పరిష్కారం అమెరికాలో దొరికింది. ఆల్బర్ట్ మార్ష్ నికెల్ 80 పాళ్లు, క్రోమియం 20 పాళ్లు కలిపి ఒక మిశ్రమలోహం చేసి 1906లో పేటెంటు పొందాడు. అదే నిక్రోమ్. రాగి కంటే అరవై రెట్లకు పైగా నిరోధం దీని ఒక గుణం. ఎర్రగా కాలినప్పుడు క్రోమియం ఆక్సైడు పొర పైన పట్టి, లోపలి లోహాన్ని కాపాడటం రెండో గుణం, దానికంటే గొప్పది. 1912లో ఇంగ్లండులో బెల్లింగ్ అనే ఆయన ఆ తీగను మట్టి పలక మీద చుట్టి హీటర్లు అమ్మడం మొదలుపెట్టాడు. ఇవాళ మన ఇస్త్రీపెట్టెలో, గీజరులో, హీటర్లలో చాలావాటిలో ఉన్నది మార్ష్ తీగే. తర్వాత వచ్చిన కొత్త రకాల్లో ఎక్కువ భాగం ఆ వేడిని తీగ దగ్గర్నుంచి మన దాకా తీసుకొచ్చే దారుల్లోనే మార్పులు.

కాబట్టి ఎంచుకోవాల్సింది ఆ దారినే. రాడ్ హీటరు, క్వార్ట్జ్, హాలోజన్ రకాలు వేడిని కిరణాలుగా పంపుతాయి. ఎండలాగే అది గాలిని పెద్దగా పట్టించుకోకుండా వచ్చి ఒంటికి తగులుతుంది. బ్లోయరు గాలిని కాచి ఊదుతుంది. ఆయిల్ హీటరు లోపలి నూనెను కాచి, మెల్లగా గది గాలిని, గోడలను వెచ్చబరుస్తుంది. ఆ నూనె కాలదు, తరగదు. ఇక లెక్క చూద్దాం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో గాలి బరువు నలభై కిలోలు. దాన్ని పది డిగ్రీలు పెంచడానికి యూనిట్‌లో తొమ్మిదో వంతు కరెంటు చాలు. వింటే ఆశ పుడుతుంది. కానీ అదే గది పైనున్న అయిదంగుళాల కాంక్రీటు స్లాబు మూడు టన్నులు దాటుతుంది. దాన్ని ఒక్క డిగ్రీ పెంచడానికే దాదాపు 0.8 యూనిట్ కావాలి. నాలుగు గోడలు, నేల ఇంకా మిగిలే ఉన్నాయి. కాచిన గాలిలోని వేడిని ఇవి పీల్చుకుంటూనే ఉంటాయి. పెంకుటిల్లయితే స్లాబు బాధ ఉండదు, దానికి బదులు పెంకుల సందుల్లోంచి వేడిగాలి పైకి పోతుంది. గంటకు అయిదుసార్లు గాలి మారినా, ఆ గాలికే అరయూనిట్‌కు పైగా పెట్టాలి. మన ఇళ్లు ఎండాకాలం కోసం కట్టినవి, చలిదేశాల ఇళ్లలా బిగించినవి కావు. అలాంటి ఇంట్లో గదంతా కాచడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

పైగా ఇక్కడి చలి ఎంతకాలం? ఖమ్మం ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని వారాలు తెల్లవారుజామున గట్టిగా చలేస్తుంది. శీతగాలులు వీచే రోజుల్లో అడవి అంచున ఉన్న ఏజెన్సీ గ్రామాల్లో అది ఇంకా ఎక్కువ. పొద్దెక్కితే ఎండ కాస్తుంది. రోజుకు రెండు మూడు గంటల చలికి గది గోడలన్నీ కాచడం దండగ. మనిషికి వేడి తగిలితే చాలు. కిరణాల వేడికి ఒక లోటుంది, ముందు వైపు కాలుతూ వీపు చల్లగా ఉంటుందని అంటారు. నిజమే. రెండడుగులు పక్కకు జరిగితే వేడి ఉండదన్నదీ నిజమే. కానీ కూర్చున్న మనిషి ఒళ్లే వంద వాట్ల వేడి విడుస్తుంది. వీపు మీద రగ్గు కప్పుకుంటే ఆ వంద వాట్లు వృథా కావు; ఎదుట 400 వాట్ల రాడ్ ఒకటి ఉంటే చాలు. రగ్గుకు కరెంటు బిల్లు రాదు!

బిల్లు మాటకొస్తే, రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. మించితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. 2000 వాట్ల హీటరు రోజుకు మూడు గంటలు నడిస్తే నెలకు 180 యూనిట్లు. ఫ్రిజ్, లైట్లు, మోటారు ఉన్న ఇంట్లో ఇక ఉచితం మాట మరిచిపోవచ్చు. 400 వాట్ల రాడ్ రోజుకు రెండు గంటలు నడిస్తే నెలకు 24 యూనిట్లే. అసలు ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో కూడా చూడాలి. ఇల్లెందు దగ్గర 1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ బొగ్గు కనిపెట్టిన తర్వాత, సింగరేణి గనులు, పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం మన జిల్లాల బతుకును మార్చేశాయి. ఆ కేంద్రంలో సింగరేణి బొగ్గు మండిస్తే, కిన్నెరసాని నీరు ఆవిరై టర్బైను తిప్పుతుంది. బొగ్గులోని వేడిలో మూడో వంతే కరెంటవుతుంది. మిగతా రెండు వంతులు చిమ్నీ నుంచి, కూలింగ్ టవర్ల నుంచి గాల్లో కలుస్తాయి. 1966లో మొదలైన పాత కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో పేల్చి కూల్చారు. కొత్త యూనిట్లలోనూ బొగ్గు వేడిలో సగానికి పైగా ఇలాగే పోతుంది. మూడు పాళ్ల వేడి పోసి ఒక పాలు కరెంటు చేసి, దాన్ని తీగల మీద నేలకొండపల్లి దాకా పంపి, తీరా అక్కడ మళ్లీ వట్టి వేడిగా మార్చడం ఇంజనీరింగ్ లెక్కలో చాలా ఖరీదైన విలాసం. వాడక తప్పనప్పుడు కొద్దిగా వాడాలనేది అందుకే.

అయితే బొగ్గుల కుంపటే నయం కదా, ఖర్చూ తక్కువ అనే వాదన ఉంది. ఆరుబయట చలిమంటకు అభ్యంతరమేమీ లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే మాత్రం ప్రాణాలే పోతాయి. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. ఎలక్ట్రిక్ హీటరు కూడా గదిలో ఆక్సిజన్ కాల్చేస్తుందని చాలామంది నమ్ముతారు. అందులో మంటే లేదు, కాల్చేదేమీ లేదు. గాలి వేడెక్కితే దాని సాపేక్ష తేమ తగ్గుతుంది; గొంతు ఎండేది, చర్మం చిట్లేది అందుకే.

ఆయిల్ హీటరు దానంతటదే ఆగుతుంది కాబట్టి పొదుపు అనేవారికి ఒక మాట. ఆగేది థర్మోస్టాట్ వల్ల. అది ఏ హీటరుకున్నా ఆగుతుంది. గది ఎంత వేడి పోగొట్టుకుంటే అంత కరెంటు లాగుతుంది, నూనె వల్ల ఒరిగే ఆదా లేదు. కానీ నూనెకు వేరే సుగుణముంది: ఎర్రగా మెరిసే భాగం ఉండదు, నిప్పు అంటుకునే ప్రమాదం తక్కువ. మంచాన పడిన ముసలివారో, బాలింతరాలో ఉన్న పక్కా గదిని రాత్రంతా వెచ్చగా ఉంచాలంటే అదే తగినది. చలి, సమశీతోష్ణ దేశాల్లో ఇంటిలోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. జబ్బు మనిషికి ఆ అంకె ఇక్కడా గుర్తుంచుకోదగ్గదే. నెలలు నిండని పసికందుకైతే తల్లి రొమ్మును మించిన హీటరు లేదు. 1978లో కొలంబియాలోని బొగోటాలో వైద్యులు మొదలుపెట్టిన కంగారూ పద్ధతి, బిడ్డను తల్లి ఒంటికి ఆనించి ఉంచడం, ఇవాళ ప్రపంచమంతటా ఉంది.

జౌల్ సూత్రాన్ని దాటే దారి ఒక్కటుంది: వేడిని పుట్టించకుండా బయటి గాలి నుంచి లాగి తేవడం. శాస్త్రవేత్త కెల్విన్ 1852లోనే ఈ ఊహ చేశాడు. జ్యూరిక్ పురపాలక భవనాన్ని 1938లో నది నీటిలోని వేడితో కాచారు. మన హాట్ అండ్ కోల్డ్ ఏసీ చేసేది ఆ పనే. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి గదిలోకి తెస్తుంది, అంటే పాల్వంచలో పోగొట్టుకున్నది చాలావరకు తిరిగొచ్చినట్టే. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలు చూసే మన ప్రాంతంలో ఎలాగూ ఏసీ కొనేవారు ఆ రకం అడిగితే, వేరే హీటరు అక్కర్లేదు. హీటరు కోసమే ఏసీ కొనడం మాత్రం తెలివితక్కువ.

మిగిలినవారు 400, 800 వాట్ల మీటలున్న చిన్న క్వార్ట్జ్ రాడ్ హీటరు కొనండి. ఐఎస్ఐ గుర్తు, పడిపోతే ఆగే స్విచ్, ముందు జాలీ, మూడు పిన్నుల ప్లగ్గు చూసి తీసుకోండి. 2000 వాట్లది దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. టీవీ పక్కనున్న చిన్న సాకెట్టుకో, ఎక్స్‌టెన్షన్ బాక్సుకో తగిలిస్తే తీగ కాలుతుంది, దానికి 16 ఆంపియర్ల సాకెట్టూ ఎర్తింగూ కావాలి. దోమతెరకు, చీరలు ఆరేసిన తాడుకు మూడడుగుల దూరంలో పెట్టి, నిద్ర వచ్చేముందు ఆపేయండి.