సాగర్ నీరు చివరి మడికి చేరవలెనన్న

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని నెహ్రూ శంకుస్థాపన గావించిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. సుమారు 124 మీటర్ల ఎత్తు గల ఈ రాతి కట్టడము వేలాది కూలీల చేతులమీదుగా లేచినది.

కుడివైపు జవహర్ కాలువ, ఎడమవైపు లాల్‌బహదూర్ కాలువ బయలుదేరుచున్నవి. వాని నుండి శాఖా కాలువలకు, పిల్లకాలువలకు, తూముల ద్వారా పొలములకు నీరు చేరును. నడుమ ఎక్కడ పూడిక పేరుకొన్నను, గట్టు తెగినను, ఎగువవారు తూము వెడల్పు చేసికొన్నను నష్టపోవునది చివరి రైతే.

ఉమ్మడి రాష్ట్రమున 1997లో వచ్చిన చట్టము కాలువల నిర్వహణను నీటి వినియోగదారుల సంఘములకు అప్పగించినది. పంచాయతీ సభ్యులు రైతులను కూడగట్టి, నీరు వదలుటకు ముందే పూడిక తీయించి, వంతుల కట్టుబాటును నిలుపవలెను. చివరి మడి తడిసిననాడే ఆనకట్ట ప్రయోజనము నెరవేరును.