బీల భూమియు ప్రభుత్వపు కాగితమును

పలాస దాటి, ఉద్దానపు కొబ్బరి, జీడి తోటల నడుమ సోంపేట వైపు పోవువారికి నీరు నిలుచు విశాలమైన పల్లపు నేల యొకటి కానవచ్చును. అచ్చటివారు దానిని బీల యందురు. చేపలు పట్టువారికిని, గడ్డి కోసికొనువారికిని, మడులకు నీరు పెట్టుకొను రైతులకును అదియే ఆధారము. టెక్కలి దాపున కాకరాపల్లి చుట్టునున్న ఇట్టి నేలకు తంపర యని పేరు. ఈ రెండు చోట్లను థర్మల్ విద్యుత్కేంద్రములు తలపెట్టినపుడు జనులు తిరుగబడిరి. 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. సోంపేటలో తుపాకి మ్రోగిన నాడే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రపు అనుమతిని కొట్టివేసెను. బీలలోని నీటిని ఊరి పిల్లవాడైనను ఎఱుగును. అనుమతి నిచ్చిన కాగితమే ఎఱుగదు.

అట్టి అనుమతికి ఆధారమైన కాగితము ముందుగా పదుగురి కంట బడవలెననియే పర్యావరణ ప్రభావ మదింపును గూర్చిన 2006 నాటి కేంద్ర ప్రకటన నియమము. ప్రజాభిప్రాయ సేకరణకు ముప్పది దినములు ముందుగా ఒక జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటింపవలెను. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశమును స్థానిక భాషలో కలెక్టరు కార్యాలయము మొదలగు చోట్ల ఉంచవలెను. సారాంశము మాత్రమే సుమా! వందల పుటల అసలు నివేదికను తెలుగున ఇమ్మని ఆ నియమము చెప్పదు.

ఆ నియమము ఈయని కాగితములను జనులకు చేర్చవలసినది పత్రికయే. అయితే మన రాజ్యాంగమున పత్రికాస్వాతంత్ర్యమను మాట లేదు. 19(1)(ఎ) అధికరణములోని భావప్రకటన స్వేచ్ఛలో అది ఇమిడియున్నదని 1950లో రొమేష్ థాపర్ కేసు మొదలుకొని సుప్రీంకోర్టు చెప్పుచు వచ్చినది. ఆ స్వేచ్ఛకు హద్దులను లెక్కించు 19(2)లో దేశభద్రత, శాంతిభద్రతలు, పరువునష్టము మున్నగునవి కలవు గాని, ప్రభుత్వమునకు కలుగు ఇబ్బంది యనునది మచ్చుకైనను కానరాదు. 1975లో రాజ్ నారాయణ్ కేసున జస్టిస్ మాథ్యూ, అధికారులు బహిరంగముగా చేయు ప్రతి కార్యమును తెలిసికొను హక్కు ప్రజలకు గలదనెను. 2019 ఏప్రిల్ 10న రఫేల్ యుద్ధవిమానముల వ్యవహారమున, 'హిందూ' పత్రిక ప్రచురించిన రక్షణశాఖ పత్రములను చూడరాదన్న కేంద్రపు వాదమును కోర్టు త్రోసివేసినది. 1923 నాటి అధికార రహస్యముల చట్టములో ప్రచురణను ఆపు అధికారమేదియు ప్రభుత్వమునకు లేదన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టములోని 8(2) సెక్షను ఇంకను ముందుకు పోయి, ప్రజాహితము హానిని మించినచో రహస్యమునైనను వెల్లడింపవచ్చుననెను.

అయితే రఫేల్ తీర్పు పత్రికకు చేరిన కాగితమును గూర్చినది. మండల విలేకరి కష్టము వేఱు: అతనికి కాగితమే చేరదు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2430వ జీవో ద్వారా, నిరాధారమని తోచిన వార్తలపై కేసులు పెట్టించు అధికారమును శాఖల కార్యదర్శులకు ఇచ్చినది. 2021 ఆగస్టులో జీవోలను ఇంటర్నెట్టులో ఉంచుటయే మానినది. ఆధారము లేని వార్తకు శిక్షయట, ఆధారము మాత్రము బీరువాలోనట! 2007లోనే, వేఱొక పక్షపు ఏలుబడిలో, ఇట్టి 938వ జీవో ఒకటి వెలువడి, పాత్రికేయుల నిరసనకు తలయొగ్గినది. కావున ఈ బుద్ధి ఏ ఒక్క పక్షము సొత్తు కాదు. 2024లో జీవోలు మరల ఇంటర్నెట్టున ప్రత్యక్షమైనవి. ఆపుటకు చాలినట్లే, తిరిగి పెట్టుటకును ఒక ప్రభుత్వ నిర్ణయమే చాలినది. శాసనసభ ప్రసక్తి రెండుమాఱులును రాలేదు.