చెప్పు అడుగు - వృద్ధుల పాదములు

బురదనేలపై కఱ్ఱను నిలువుగా నొక్కిన దిగబడును. పలకను పఱచి నొక్కిన దిగబడదు. రెండిటను బలము ఒక్కటే, అది పంచుకొను వైశాల్యము వేఱు. ఒత్తిడి యనగా వైశాల్యముచే భాగింపబడిన బలము. ఉన్నత పాఠశాల విద్యార్థు లెఱిగిన యీ సూత్రమే వృద్ధుల పాదరక్షల విషయమున పెద్ద పని చేయుచున్నది.

60 కిలోగ్రాముల మనిషి ఒంటికాలి మడమపై నిలిచెననుకొందము. అతని భారము సుమారు 600 న్యూటనులు. మడమ తాకుచోటు 30 చదరపు సెంటీమీటర్లైనచో ఒక్కొక్క చదరపు సెంటీమీటరుపై 20 న్యూటనులు, అనగా 200 కిలోపాస్కలులు పడును. మడమ ఆకారమునకు తగిన పల్లముగల అడుగు నమర్చి, తాకుచోటును 40 చదరపు సెంటీమీటర్లకు పెంచినచో ఒత్తిడి 150కి దిగును. మనిషి బరువు మాత్రము తగ్గలేదు సుమా!

పడుచువారికి ఈ యమరిక ప్రకృతియే చేసిపెట్టినది. మడమక్రింద, వేళ్ల మొదళ్లక్రింద క్రొవ్వు మెత్తలు కలవు. వయసు మీఱినకొలది వీని సాగుగుణము తగ్గును. వేళ్లు వంకరవోయినవారిలో ముందరి మెత్త వేళ్లవైపునకు జరిగిపోవును. అప్పుడు ఎముక కొనలు చర్మమును నేలకు నేరుగా నొక్కును. అచ్చట ఆనెలు కట్టును. గట్టిపడిన ఆనె తానే గులకరాయివలె గ్రుచ్చుకొనును. నొప్పి తెలిసినవాడు అడుగు మార్చి వేయును. మధుమేహముచే స్పర్శ నశించినవానికి ఆ హెచ్చరిక లేదు. పుండు పడినను నడచుచునే యుండును.

ఈ సంగతి తేటపడుటకు మన చిత్తూరునకు పొరుగుననున్న వేలూరు చాలవఱకు కారణము. 1946లో అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్ఠురోగుల అరికాలి పుండ్లకు స్పర్శలేని పాదముపై మాటిమాటికి పడు ఒత్తిడియే ముఖ్య కారణమని గ్రహించెను. సన్నని గాలిగదులుగల మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు అట్టి కృషినుండి వచ్చినవే. నేడు మధుమేహ రోగులును వానిని తొడుగుచున్నారు.

మెత్తదనమొక్కటే చాలదు. నడకలో మడమ లేచునప్పుడు బరువు వేళ్ల మొదళ్లపై పడును. అడుగును బిగువుగా జేసి, ముందుభాగమును పడవ ముక్కువలె పైకి వంచినచో, పాదము వంగక దొర్లిపోవును. ఆ చోట ఒత్తిడి తగ్గును. ఎత్తుమడమ చెప్పు ఇందుకు విరుద్ధము, బరువును ముందునకే త్రోయును.

అట్లైన అడుగు ఎంత దళసరిగా, ఎంత మెత్తగా నుండిన అంత మేలా? కాదు. అరికాలు బరువు మోయుటేగాక నేలను తడవి చూచును గూడ. వృద్ధులలో ఆ స్పర్శ సహజముగనే కొంత మందగించును. దళసరి మెత్త దానిని మఱింత కప్పివేయును. రాబిన్స్, అతని సహచరులు 1992లో ప్రకటించిన ప్రయోగమున, ఇరుకు దూలముపై నడచిన వృద్ధ పురుషులు మెత్తని దళసరి అడుగులతోకంటె పలుచని గట్టి అడుగులతో ఎక్కువ నిలకడ చూపిరి. దొర్లెడి అడుగునకును ఇట్టి లోపమే కలదు. పుండు తప్పింపబోయి తుంటియెముక విఱుగగొట్టుకొనుట యేమి లాభము? స్పర్శ చక్కగానున్న వృద్ధునకు ఎత్తు తక్కువగా, వెడల్పుగా, జారకుండు అడుగును, మడమను వెనుకనుండి పట్టియుంచు పట్టీయు ముఖ్యము. పరుపువంటి మెత్త అక్కఱలేదు.

తరగతిలో తడిపాదమును గళ్లకాగితముపై నుంచి గళ్లు లెక్కించిన వైశాల్యము తెలియును. భారమును దానితో భాగించిన వచ్చునది సగటు ఒత్తిడి మాత్రమే. ఎముక కొనలక్రింద అంతకంటె చాల హెచ్చుగా నుండును. దానిని కొలుచుటకు సెన్సరులుగల పలుచని అట్టలను బూటులో నమర్చి నడిపింతురు. పుండు మానిన మధుమేహ రోగికి బూటులోని గరిష్ఠ ఒత్తిడి 200 కిలోపాస్కలులు దాటరాదని నేటి వైద్య మార్గదర్శకములు చెప్పుచున్నవి.